పెళ్లికూతురి రంగుల బట్టలు: నేయించాలా, రంగు వేయించాలా, మగ్గం వర్క్ చేయించాలా?

ఇంట్లో పెళ్లి కుదిరిందంటే ముందు ముహూర్తం, తర్వాత కల్యాణ మండపం, ఆ వెంటనే పెళ్లికూతురి ఫోన్లో దాచిపెట్టుకున్న ఫొటోలు బయటికొస్తాయి. మా చెల్లి ఫోన్లో నూట ముప్పై ఉన్నాయి. రాణీ పింక్ ఉంది, చిలకపచ్చ ఉంది, నెమలికంఠం ఉంది, కనకాంబరం రంగు ఉంది. ఇవన్నీ ఒకే లంగాలో ఉన్నదీ ఉంది. "అక్కా, షాపులో వేలాడేది వద్దు. నాకంటూ ఒకటి చేయించుకోవాలి" అంది. దాందేముంది, చేయిద్దాం అన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా అనేశానో తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

తర్వాత రెండేళ్లలో మా ఇళ్లలో ఇంకో రెండు పెళ్లిళ్లు జరిగాయి. బట్టల పని నా నెత్తిమీదే పడింది. సికింద్రాబాద్ జనరల్ బజార్లో లేసుల కోసం, పత్తర్‌గట్టీలో జరీ కోసం, బెజవాడ వస్త్రలతలో గుడ్డ కోసం తిరిగి తిరిగి చివరికి నాకు అర్థమైంది ఇది. చీరా, లెహంగానా, లంగా ఓణీనా అని తేల్చుకునే ముందు, గుడ్డకు రంగు ఏ దశలో ఎక్కుతుందో తేల్చుకోవాలి. దారంగా ఉన్నప్పుడే ఎక్కితే నేత. నేసిన తెల్ల గుడ్డకు ఎక్కితే డైయింగో కలంకారీనో. రంగురంగుల ముక్కలు కలిపి కుడితే కటింగ్. అంతా అయ్యాక సూదితో ఎక్కితే మగ్గం వర్క్. రంగు ఎంత ముందు దశలో ఎక్కితే అంత ఎక్కువ కాలం నిలుస్తుంది, అంత ముందుగా ఆర్డరివ్వాలి, అంత త్వరగా మనసు మార్చుకునే అవకాశం పోతుంది. ఖర్చూ, టైమూ, టెన్షనూ అన్నీ దీన్నిబట్టే ఉంటాయి.

బుట్టలో పట్టాలి కదా

ముందు ఒక కాగితం తీసుకుని, ఆ మూడు నాలుగు రోజుల్లో పెళ్లికూతురు ఎప్పుడు ఎక్కడ ఎలా కూర్చుంటుందో రాయండి. పెళ్లికూతుర్ని చేసే రోజు పీట మీద, నలుగు పెట్టించుకుంటూ ఉంటుంది. ముహూర్తానికి రెండు మూడు గంటలు పీటల మీద, హోమం పక్కన. రిసెప్షన్‌లో నిలబడే ఉంటుంది, ఎక్కేవాళ్లకీ దిగేవాళ్లకీ నమస్కారాలు పెడుతూ.

మా పిన్ని కూతురు ముహూర్తానికే పెద్ద లెహంగా కావాలని పట్టుబట్టింది. ఏడు రంగుల పన్నాలు (నిలువుగా కలిపి కుట్టే ముక్కలు), లోపల ఐదు పొరల క్యాన్‌క్యాన్, అంటే లంగాను ఉబ్బెత్తుగా నిలబెట్టే గట్టి నెట్టు. అద్దం ముందు నిలబడితే నిజంగానే బొమ్మలా ఉంది. తీరా మేనమామలు బుట్ట తెచ్చి అందులో కూర్చోమన్నారు. కూర్చుంది. లెహంగా మాత్రం కూర్చోలేదు. బుట్ట అంచుల మీద గొడుగులా లేచి పిల్ల గడ్డం దాకా వచ్చింది. ఇద్దరు పిన్నులు చెరోవైపు దాన్ని అణిచి పట్టుకుంటే, ఫొటోగ్రాఫర్ "మేడమ్, పెళ్లికూతురు కనపడట్లేదు, మీరే కనపడుతున్నారు" అని అరుస్తున్నాడు. మండపంలో పీట మీద కూడా అదే తంతు. పక్కన హోమం ఉంటే ఆ నెట్టు చూసి నా గుండె గుబగుబలాడుతూనే ఉంది.

ఇంకో సంగతి. మధుపర్కాలు కట్టించే ఇళ్లలో ముహూర్తం చీర కంటికి కనపడేది కాసేపే. జీలకర్ర బెల్లం తలమీంచి భుజానికి జారుతుంది, తలంబ్రాల బియ్యం పసుపుతో తడిసి ఉంటాయి. లక్ష పోసి చేయించిన బట్ట మీద ఆ పసుపు పడితే ఎవర్నీ ఏమీ అనలేం.

అందుకని నా ఓటు సూటిగా చెప్పేస్తాను. ముహూర్తానికి పట్టుచీర. రంగుల సరదా అంతా పెళ్లికూతుర్ని చేసే రోజు లంగా ఓణీ మీదో, రిసెప్షన్ లెహంగా మీదో తీర్చుకోండి. లంగా ఓణీకే నా మొగ్గు, ఎందుకంటే అందులో లంగా, ఓణీ, జాకెట్టు మూడూ మూడు రంగులు కావడం మన కంటికి అలవాటే. ఎన్ని రంగులు కలిపినా "ఇదేంటి ఇలా ఉంది" అనరు. చీరలో అదే పని చేస్తే అంటారు.

దారం దశలోనే రంగు: నేయించుకోవడం

చీర ఆర్డరిచ్చి నేయించుకుందామని చాలామంది అనుకుంటారు. నేతగాడి దగ్గరికి వెళ్లాక వాళ్లకు తగిలే మొదటి దెబ్బ పడుగు, అంటే మగ్గం మీద నిలువుగా బిగించే దారాలు. ఒక పడుగు మగ్గానికి ఎక్కించారంటే దాని మీద ఒక్క చీర నేసి దించేయడం అతనికి గిట్టదు, వరసగా కొన్ని చీరలు రావాలి. ఒక్కటే కావాలంటే ఆ మిగతా పడుగు భారం కూడా మీ ధరలోకే వస్తుంది.

దీనికి మేము ధర్మవరంలో ఒక ఉపాయం చేశాం. పడుగు ముదురు గులాబీ వేయించి, పేక (అడ్డంగా నేసే దారం) రంగు చీర చీరకీ మార్పించాం. చెల్లికి నారింజ పేక, అమ్మకు నీలం పేక. గులాబీలో నారింజ కలిసి చెల్లి చీర నిప్పుకణికలా వచ్చింది. గులాబీలో నీలం కలిసి అమ్మది వంగపండు రంగయింది. ఒకే పడుగు మీద పుట్టాయంటే ఎవరూ నమ్మలేదు. వెలుతురు ఎటు పడితే అటు రంగు మారే ఈ షాట్ పట్టు అందం ఏ డైయింగ్ షాపులోనూ రాదు. నెమలికంఠం అని మనం అనేది కూడా ఇలా నీలం, ఆకుపచ్చ దారాలు ఒకదాన్నొకటి దాటడం వల్ల వచ్చేదే.

రంగులు బాగా ఉండాలి, కానీ గోల ఉండకూడదు అనుకునేవాళ్లకు కంచి పద్ధతి బాగుంటుంది. కోర్వై అంటారు. ఒంటి రంగు వేరు, అంచు రంగు వేరు, రెండూ మగ్గం మీదే కలుస్తాయి. అంచు ఒకవైపు ఒక రంగు, రెండోవైపు ఇంకో రంగు పెడితే గంగా జమునా. ఒంటితో కలిపి మూడు రంగులొచ్చాయి, అయినా చీర చీరలాగే ఉంది. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఎండాకాలం ముహూర్తమైతే హాయి, ఫొటోల్లో మాత్రం పూర్తి పట్టంత మెరుపుండదు (గద్వాలలో పూర్తి పట్టువీ నేస్తారు, అడగాలి). ఉప్పాడ జామదానీ మరీ తేలిక. రిసెప్షన్‌లో గంటలు నిలబడే పిల్లకు దాన్ని మించింది లేదు.

ఇక పోచంపల్లి, పుట్టపాక. ఇక్కత్‌లో రంగు నేతకు ముందే, దారాన్ని కట్లు కట్టి ముంచేటప్పుడే తేలిపోతుంది. రంగు పెరిగినకొద్దీ కట్టడం, ముంచడం, ఆరబెట్టడం మళ్లీ మళ్లీ చేయాలి. కాబట్టి ఇక్కడ ధర పెంచేది జరీ కంటే ఎక్కువగా రంగుల సంఖ్య. పడుగూ పేకా రెండింటికీ కట్లు కట్టే డబుల్ ఇక్కత్ అయితే చెప్పక్కర్లేదు. ఆ కట్లకు ముందు దారాన్ని మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పుతూ చుట్టాలి, దాన్నే ఆసు పోయడం అంటారు. అది ఒక్కటి చాలు, ఈ పని ఎంతటిదో తెలియడానికి. చేత్తో చేస్తే ఒక చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి ఆడించాలి. తల్లి లక్ష్మి ఆ పనిలో పడే భుజాల నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. "మధ్యలో ఆ ఎరుపు తీసేసి పసుపు పెట్టండి" అని ఫోన్లో అడిగే ముందు ఇది గుర్తు చేసుకుంటే మంచిది.

పెళ్లికి నాలుగు నెలలు లేకపోతే ఇక్కత్ చీర నేయించే ఆలోచన పెట్టుకోకండి. దానికి బదులు మీటర్ల లెక్కన దొరికే పోచంపల్లి పట్టు గుడ్డ తెచ్చి లంగా కుట్టించుకోండి. నేత రంగులన్నీ వస్తాయి, వారం రోజుల్లో పని తేలుతుంది. నన్నడిగితే తక్కువ తలనొప్పితో ఎక్కువ రంగులు దొరికే దారి ఇదే. ఒక్క జాగ్రత్త. ఇక్కత్ గుడ్డను పన్నాలుగా ఏటవాలుగా కత్తిరిస్తే ప్రతి అతుకు దగ్గరా డిజైన్ విరుగుతుంది. కుచ్చుల లంగాయే కుట్టించండి. కొనేటప్పుడు గుడ్డ తిరగేసి చూడండి. అసలు ఇక్కత్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టు, పొగలా ఉంటాయి. గీత గీసినట్టు పదునుగా ఉండి వెనకవైపు వెలిసినట్టుంటే అది ప్రింటు.

పట్టుకు సిల్క్ మార్క్ చూడండి. కేంద్ర సిల్క్ బోర్డు 2004 నుంచి నడిపిస్తున్న ముద్ర అది. కానీ అది పట్టుకే హామీ, జరీకి కాదు. జరీ సంగతి విడిగా అడిగి బిల్లు మీద రాయించుకోవాలి: అసలు వెండి జరీనా, టెస్టెడ్ జరీనా (రాగి తీగకు పూత వేసింది), ఉత్త ప్లాస్టిక్కా. టెస్టెడ్ అని చెప్పి అమ్మితే తప్పేం లేదు, నేనూ కొన్నాను. చెప్పకుండా అమ్మితేనే గొడవ.

తెల్ల గుడ్డ కొని రంగు వేయించడం

నేను బాగా దెబ్బతిన్నది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

రంగు వేయించుకోవడానికని తెల్లగా అమ్మే గుడ్డలుంటాయి: రా సిల్క్, జార్జెట్, ఆర్గంజా, నెట్టు. మీటర్ల లెక్కన కొని డైయింగ్ షాపులో ఇస్తే, మీరు చూపించిన ముక్క రంగు తెప్పిస్తారు. మీకు నచ్చిన రంగు షాపులో దొరకనప్పుడు ఇంతకు మించిన సుఖం లేదు. ఒక కొస నుంచి ఇంకో కొసకు పసుపు మెల్లగా కనకాంబరంలోకి, అక్కడి నుంచి రాణీలోకి దిగే షేడ్ వేయించుకోవచ్చు. నేతలో అది ఎంతో పని, ఇక్కడ సాయంత్రానికి చేతికొస్తుంది.

చెల్లి లంగా ఓణీ ఒక బొటిక్‌కి ఇచ్చాం. లంగాకు రా సిల్క్, ఓణీకి నెట్టు, రెండూ ఒకే చిలకపచ్చ కావాలని రంగు ముక్క కూడా ఇచ్చాం. వాళ్లు ఫొటోలు పంపారు, ఫోన్లో రెండూ ఒకేలా ఉన్నాయి. తీరా తెచ్చుకుని బాల్కనీలో పరిస్తే లంగా చిలకపచ్చ, ఓణీ తుమ్మాకు పచ్చ. "నెట్టు అంతేనండీ" అని చేతులు దులుపుకున్నారు. పెళ్లికి పద్దెనిమిది రోజులుంది. బొటిక్‌ని పక్కనపెట్టి నేనే ఓణీ పట్టుకుని డైయింగ్ షాపు వెతుక్కుంటూ వెళ్లాను. అక్కడ పెద్దాయన స్టవ్వు మీద గిన్నెలో కర్రతో కలుపుతూనే, తలెత్తకుండా చెప్పాడు: "అమ్మా, పట్టు తాగినట్టు నెట్టు తాగదు. ఒకే గిన్నెలో ముంచినా రెండు రంగులే వస్తాయి. నెట్టుకి వేరే కలపాలి, వేరే చూడాలి." చిన్న ముక్క ముంచాడు, పిండాడు, ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టాడు, బయట ఎండలోకి తీసుకెళ్లి లంగా ముక్క పక్కన పెట్టాడు. తల అడ్డంగా ఊపి, గిన్నెలో చిటికెడు పసుపు రంగు వేశాడు. మళ్లీ ముంచాడు. నాలుగోసారికి తల నిలువుగా ఊపాడు. తడి గుడ్డ రంగు ఎప్పుడూ నమ్మకూడదని ఆ రోజు తెలుసుకున్నాను.

డైయింగ్ షాపుకి వెళ్లేముందు గుర్తుపెట్టుకోవాల్సినవి కొన్ని. పాలిస్టర్ కలిసిన గుడ్డకు మామూలు డైయింగ్ షాపులో రంగు సరిగా పట్టదు. దారం కాల్చి చూడండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద వేలికి పొడిపొడిగా రాలితే పట్టు, కరిగి గట్టి పూసలా అయితే పాలిస్టర్. గుడ్డ వేడి నీళ్లలో కాస్త దగ్గరవుతుంది కాబట్టి మీటరుకు పైగా ఎక్కువ కొనండి. జరీ అంచున్న గుడ్డను ఉడికిస్తే జరీ మసకబారే ప్రమాదం ఉంది, రంగు వేయించాకే అంచు అతికించండి. అన్నిటికంటే ముఖ్యం, రంగు, కటింగ్, కుట్టు ముగ్గురు మనుషులు చేసేటప్పుడు ముగ్గురికీ ఒకే రంగు ముక్క కత్తిరించి ఇవ్వాలి. వాట్సాప్ ఫొటో ఇవ్వకూడదు.

కలంకారీ గురించి రెండు మాటలు. శ్రీకాళహస్తిలో కలంతో గీసే పని పూర్తిగా వేరే లోకం. గుడ్డను కరక్కాయ, గేదెపాలలో తడిపి ఆరబెట్టాకే గీత మొదలవుతుంది, లేకపోతే రంగు పాకిపోతుంది. ఓణీ అంచున మీ ఊరి గుడో, పల్లకీలో పెళ్లికూతురో గీయించుకోవచ్చు. అలాంటిది ప్రపంచంలో ఇంకొకరికి ఉండదు. అయితే సహజ రంగులు నెమ్మదస్తులు. రాణీ పింకూ చిలకపచ్చా ఫెళ్లున కొట్టాలనుకునే అమ్మాయికి కలంకారీ ఇస్తే ముఖం ముడుచుకుంటుంది. ఎరుపు, ఆవపిండి పసుపు, నీలిమందు నీలం ఇష్టమైతేనే దాని జోలికి వెళ్లండి. పెడన అచ్చు కలంకారీ ఇంకా చవక, మెహందీ రోజుకి చక్కగా సరిపోతుంది.

అమ్మమ్మ బీరువా

చాలామందికి తట్టని దారి ఒకటుంది. పాత పట్టుచీరలు. మూడో పెళ్లికి మేము చేసింది ఇదే. అమ్మమ్మది మామిడిపండు రంగు, నాయనమ్మది ముదురు ఎరుపు, అమ్మది తమలపాకు పచ్చ, పెద్దత్తది ఆనందా నీలం. నాలుగు చీరల నుంచి పన్నాలు కత్తిరించి లంగా కుట్టించాం. గుడ్డ ఖర్చు సున్నా. పెళ్లికి వచ్చిన ముసలమ్మలంతా ఆ లంగా చుట్టూ తిరిగి "ఇది ఫలానా వాళ్ల పెళ్లికి కట్టింది కదూ" అని గుర్తుపడుతుంటే, పక్కనే నగలున్నా ఎవరూ చూళ్లేదు.

అన్ని పాత చీరలూ పనికిరావు. పట్టు మడతల దగ్గరే ముందు చస్తుంది. మడత దగ్గర రెండు బొటనవేళ్లతో అటూ ఇటూ లాగి చూడండి. చిర్రుమని చప్పుడైతే దాన్ని దండం పెట్టి మళ్లీ బీరువాలో పెట్టేయండి. గట్టిగా ఉన్న చోటే కత్తిరించి, వెనక పల్చని నూలు గుడ్డ లైనింగ్ వేయించాలి. అంచును పన్నాలతో పాటు కత్తిరించొద్దని టైలర్‌కి చెప్పండి. విడిగా విప్పి, లంగా అడుగున చుట్టూ వేయిస్తే అంచు ఎక్కడా విరగదు. కత్తెర పడేముందు అమ్మమ్మను అడగండి, అది మాత్రం మర్చిపోకండి. మా ఇంట్లో ఒక చీర విషయంలో ఆరు నెలలు మాటల్లేవు.

సూదితో రంగు: మగ్గం వర్కా, కంప్యూటర్ వర్కా

నేతగాడి మగ్గం వేరు, ఇది వేరు. చెక్క చట్రానికి గుడ్డ బిగించి ఆరీ సూదితో కుట్టే పనినీ మనవాళ్లు మగ్గమనే అంటారు.

గుడ్డ మీద గుర్తులు పెట్టేది టైలర్, కుట్టేది వర్కర్, మళ్లీ కత్తిరించేది టైలర్. మెడ లోతు, చేతి పొడవు, చేతి చుట్టుకొలత అన్నీ చట్రం ఎక్కకముందే గుడ్డ మీద ఉంటాయి. అక్కడ అరంగుళం తప్పితే ఆ తర్వాత దిద్దుకోవడం కుదరదు. అంకెలు రాసి పంపడం కన్నా ఒంటికి అతికినట్టుండే ఆది జాకెట్టు ఇవ్వడమే మేలు. పెళ్లి దగ్గరపడేకొద్దీ అమ్మాయిలు తగ్గుతారు, లేదా విందులు తిని పెరుగుతారు. పక్క కుట్టుకు అంగుళం ఇవతలే వర్క్ ఆపించి, లోపల అంగుళంన్నర గుడ్డ వదిలించండి.

ఎక్కడ చేయించాలన్న దాంట్లో అందరూ డబ్బు పోగొట్టుకుంటారు. వీపంతా నెమళ్లు, ఏనుగులు, పల్లకీలు కుట్టిస్తారు. పెళ్లిరోజు దాని మీద పూలజడ పడుతుంది. ముందు మెడ చుట్టూ కుందన్లు పొదిగిస్తారు, దాని మీద కాసులపేరూ కంటె పడతాయి. నడుము దగ్గర వడ్డాణం. మిగిలేది చేతులు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు, తలంబ్రాలు పోసేటప్పుడు, తాళి కట్టేటప్పుడు, ప్రతి దగ్గరి ఫొటోలో కనపడేవి చేతులే. డబ్బంతా చేతుల మీద పెట్టండి, వీపుకి చుట్టూ సన్నని అంచు చాలు. అక్కడ కూడా వంకీ కూర్చునే జాగాలో రెండంగుళాలు ఖాళీ వదిలించాలి, లేకపోతే పూసలు రాలతాయి, వంకీ గుచ్చుకుంటుంది. చంకల కింద పూసలు అసలొద్దు. రిసెప్షన్‌కి జడ వేసుకోని పిల్లయితే అప్పుడు వీపు మీద ఎంతైనా కుట్టించుకోవచ్చు.

కంప్యూటర్ వర్క్ చవక, త్వరగా అవుతుంది, దారపు రంగులు బోలెడు. పూలు, తీగలు, చిలకలు రంగు దారాలతోనే కావాలంటే మగ్గం కన్నా అదే నీటుగా వస్తుందని నా అభిప్రాయం. అలా అంటే మా టైలరమ్మకు కోపం. దళసరిగా, అట్టలా ఉంటుందన్నది నిజమే, చేతులు మడిచేటప్పుడు తెలుస్తుంది. జర్దోసీ (సన్నని లోహపు తీగ పని), కట్‌దానా (చిన్న గొట్టాల్లాంటి పూసలు), ముత్యాలు, కుందన్లు కలవాలంటే మగ్గమే. మగ్గం అని చెప్పి మిషన్ పని అంటగడతారేమో అని అనుమానముంటే తిరగేసి చూడండి. మిషన్ పనికి వెనకవైపు విడిగా కింది దారం కనపడుతుంది, దాని వెనక అతికించిన కాగితం పీచులూ ఉంటాయి. ధరల సంగతంటే, సాదా చేతుల వర్క్ మూడు నాలుగు వేలకీ చేయించాను, ఒత్తుగా చేసినవి ఇరవై వేలు దాటినవీ చూశాను. రాళ్లు జిగురుతో అంటించి వదిలేశారో, చుట్టూ దారంతో బిగించారో అడగండి. చెమటకి ఊడేవి ముందు అంటించినవే. తీసుకున్నాక సెంటు దాని మీద కొట్టొద్దు, జర్దోసీ నల్లబడుతుంది.

ఎన్ని రంగులు, ఏ వెలుతురులో

రంగులు ఎక్కువైతే ఎబ్బెట్టుగా ఉంటుందేమోనన్న భయం నాకు లేదు. బంతి, చామంతి, కనకాంబరం, మరువం కలిపి ఒకే జడలో పెట్టుకునేవాళ్లం మనం. కాకపోతే అన్నీ సమానంగా ఉండకూడదు. ఒకటి సగానికి పైగా ఉండాలి, ఒకటి దానికి తోడుండాలి, మిగతావి చిటికెడు చిటికెడు. కెంపులు, పచ్చల టెంపుల్ నగలైతే ఆ ఎరుపూ పచ్చా బట్టలో ఎక్కడో ఒకచోట చిన్నగానైనా ఉంటే నగ, బట్ట కలిసిపోతాయి.

డెకరేషన్ వాళ్లతో ముందే మాట్లాడండి. వెనకంతా బంతిపూల తెర కట్టి, ముందు నారింజ చీరతో పిల్లను కూర్చోబెడితే తల మాత్రమే కనపడుతుంది. రిసెప్షన్ స్టేజి మీద గులాబీ రంగు లైట్లు వేస్తే మీరు నాలుగుసార్లు ముంచి తెప్పించుకున్న చిలకపచ్చ నల్లగా, మట్టిగా తేలుతుంది. పెళ్లికూతురు నిలబడే చోట మామూలు వెచ్చని తెల్ల లైటే వేయమని రాయించుకోండి. గుడ్డ కొనేటప్పుడు షాపు గుమ్మం దాటి ఎండలోకి తెచ్చి చూడండి, తర్వాత ఫోన్ ఫ్లాష్‌తో ఫొటో తీసి చూడండి. రెండింటిలోనూ నచ్చితేనే కొనండి. ఉల్లిపొర రంగు, గంధం రంగు లాంటి లేత రంగులు ఎండలో ప్రాణంలా ఉంటాయి, ఫ్లాష్‌లో తెల్లబోతాయి.

టైము

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, షాపుల్లో తగ్గింపులుంటాయి, మగ్గం వర్కర్లకు కాస్త ఊపిరి ఉంటుంది. శ్రావణంలో పెళ్లయినా, ఆ తర్వాతి మాసాల్లో అయినా, గుడ్డ కొని వర్క్ ఇచ్చేయడానికి ఆషాఢం మొదటి వారాలు మంచివి. శ్రావణం వచ్చిందంటే వరలక్ష్మీ వ్రతం జాకెట్లు, పెళ్లి జాకెట్లు కలిసి టైలర్ ఫోన్ ఎత్తడం మానేస్తాడు. ఒత్తైన మగ్గం వర్క్‌కి నెల, డైయింగ్ లెహంగాకి నెలన్నర, నేయించే చీరకి మూడు నుంచి నాలుగు నెలలు పెట్టుకోండి. టైలర్‌కి పెళ్లి తేదీ నిజం చెప్పకండి. పది రోజులు ముందుకి చెప్పండి. ఇందులో పాపమేం లేదు, ఆయనా మనకు నిజం తేదీ చెప్పడు.

అమెరికా నుంచి పెళ్లికి రెండు వారాల ముందు దిగే అమ్మాయిలకు నేయించడం, రంగు వేయించడం రెండూ ఇక్కడ ఒక మనిషి చూసుకోవాలి. వీడియో కాల్‌లో కొలతలు చెప్పొచ్చు, రంగు చూపించలేం. వచ్చేవాళ్ల చేత ఆది జాకెట్టు, రంగు ముక్క పంపించమనండి. లంగా పొడవు పెళ్లిరోజు వేసుకునే చెప్పులు వేసుకుని కొలిపించండి, లేకపోతే రెండంగుళాలు తేలిపోతుంది. తిరుగు ప్రయాణంలో క్యాన్‌క్యాన్ లెహంగా ఒక్కటే సూట్‌కేసులో సగం తింటుంది. అందుకే నేను క్యాన్‌క్యాన్‌ని విడి పావడాగా, విప్పుకోవడానికి వీలుగా కుట్టిస్తాను. బుట్టలో కూర్చునేటప్పుడు తీసేయొచ్చు కూడా.

ట్రయల్ అంటే అద్దం ముందు నిలబడటం ఒక్కటే సరిపోదు. నగలన్నీ పెట్టించండి. నేల మీద పీట వేసి పావుగంట కూర్చోబెట్టండి. రెండు చేతులూ తలంబ్రాలు పోస్తున్నట్టు ఎత్తించండి. చంకలో పట్టేసినా, జాకెట్టు పైకి లేచినా అప్పుడే తెలుస్తుంది. మెట్లు ఎక్కించి దింపండి.

చివరిగా, మిగిలిన గుడ్డ పీలికలు, అదే రంగు దారం, గుప్పెడు పూసలు, సూది, పిన్నీసులు అడిగి తీసుకుని ఒక చిన్న సంచిలో వేసి మండపానికి పట్టుకెళ్లండి. చెల్లి పెళ్లిరోజు తెల్లవారుజామున నాలుగింటికి వంకీ పెడుతుంటే కుడిచేతి దగ్గర కుట్టు తెగి పూసలు గది నిండా దొర్లాయి. అమ్మ ఏడుపు మొదలెట్టింది. అమ్మమ్మ మాత్రం కళ్లజోడు సర్దుకుని, నా సంచి లాక్కుని, పెళ్లికూతురి చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని కుట్టడం మొదలుపెట్టింది. గౌరీపూజకి పిల్లను తీసుకురమ్మని బయట పంతులుగారు రెండోసారి కేకేసేసరికి పళ్లతో దారం తెంపింది.